చేప తల ఎటువైపు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: ఇంటి యజమాని గ్వాంగ్‌యావ్, వేడి ఇటుకల మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్న అతని తల్లి, గిన్నెలు తుడుస్తున్న కూతురు షూహే, వాకిట్లో కట్టేసిన మేక, వంటింట్లో అతని భార్య రుయ్‌లాన్. రావలసిన అతిథులు ముగ్గురు ఇంకా రాలేదు. రుయ్‌లాన్ తల్లిని కూడా కలుపుకోవాలంటే కలుపుకోవచ్చు. ఆమె చనిపోయి ఆ రోజుకి మూడేళ్ళు. ఆమె కోసం చేసినవన్నీ వంటింటి మూలన పిండి జాడీ మీద ఒక వెదురు బుట్టలో సర్ది ఉన్నాయి. ఆవిరి రొట్టెలు, ఉడికించిన పంది మాంసం ముక్క, ఉప్పు వేయకుండా పిండిలో ముంచి ముక్కలు చేయకుండా వేయించిన చేప, కాల్చడానికి పసుపు కాగితాల కట్ట, చిన్న సీసాలో జొన్న సారా. వాటి మీద తెల్లగుడ్డ కప్పి ఉంది.

రుయ్‌లాన్ పొద్దున్నే లేచి ముందు ఆ బుట్ట పని ముగించింది. తర్వాత అతిథుల వంట మొదలుపెట్టింది. పుట్టింటి ఊరు నాన్‌పో అక్కణ్ణించి గంట నడక. సూర్యుడు నడినెత్తికి రాకముందే సమాధి దగ్గర కాగితాలు కాల్చాలి. ఆ తర్వాత కాలిస్తే చనిపోయినవాళ్ళకి అందదంటారు. మూడో ఏడు చివరి ఏడు. ఆ రోజు ఏడ్చి, చెప్పులకు కుట్టుకున్న తెల్లగుడ్డ విప్పేస్తే దుఃఖం తీరిపోయినట్టే. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ ఏడవరు, ఏడవకూడదు కూడా. కొడుకు ఏడిస్తే ఊరు వింటుంది, కూతురు ఏడిస్తే తల్లి వింటుంది అని నాన్‌పోలో ఒక మాట ఉంది. రుయ్‌లాన్ ఇంతవరకు ఏడవలేదు. తల్లిని మట్టిలో పెట్టిన రోజున ఇంటినిండా జనం ఉంటే, వదిన ఆమె చేతికి గరిటె ఇచ్చి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. బయట అందరూ ఏడుస్తుంటే ఆమె క్యాబేజీ తరుగుతూ కూర్చుంది. తర్వాత ఏడుద్దాంలే అనుకుంది. మొదటి ఏడు షూహేకి ఒళ్ళంతా పొక్కులు వచ్చాయి. రెండో ఏడు అత్త జారిపడింది. రెండుసార్లూ సమాధి దగ్గరికి వెళ్ళడం కుదరలేదు. ఇక మిగిలింది ఈ ఒక్క పూట.

తారీఖు సంగతి ఆమె భర్తకు ముందే చెప్పింది. అతను బూట్లు తుడుచుకుంటూ విన్నాడు.

"రెండో నెల పంతొమ్మిదా? ఆ రోజే ఫాన్ అధికారి వస్తున్నారు. జిల్లా నుంచి. వాళ్ళకి కుదిరేది ఆ ఒక్క రోజే."

"అమ్మ మూడో ఏడు అది."

"తెలుసు. మర్నాడు వెళ్ళు. చనిపోయినవాళ్ళు క్యాలెండరు చూసుకుంటారా?"

"వదిన వాళ్ళు ఆ రోజే చేస్తున్నారు. అంతా ఒకేసారి తెల్లగుడ్డ తీసేస్తారు."

అతను బూటు కింద పెట్టి ఆమెకేసి చూశాడు. కోపంగా కాదు. బడిపిల్లకు లెక్క చెప్పేవాడిలా, ఓపిగ్గా. "గొప్ప పని తలపెట్టినవాడు చిన్న చిన్న వాటి దగ్గర ఆగిపోకూడదు. ఇది మన ఒక్కరి పని కాదు, ఊరి పని. నీళ్ళు వస్తే ముందు ఎవరికి సుఖం? నీకే కదా. నీ భుజానికే కదా."

అది నిజమే. అతను చెప్పేవాటిలో అబద్ధాలు తక్కువ. అతను ఊరి కమిటీ పెద్ద. తాగుబోతు కాదు, లంచగొండి కాదు. వాళ్ళ ఊరు షిగౌలో ఎంత తవ్వినా రాయే. కొండ కింది బావి నుంచి కావడి మీద నీళ్ళు మోసుకురావాలి. మోసేది ఆడవాళ్ళే. లోతు బావి తవ్వించి ఇంటింటికీ గొట్టాలు వేయించాలని గ్వాంగ్‌యావ్ ఏళ్ళ తరబడి జిల్లా ఆఫీసు చుట్టూ తిరిగాడు. వర్షంలో తిరిగాడు, మంచులో తిరిగాడు. ఒకసారి వాళ్ళ మెట్ల మీదే నిద్రపోయాడు. రుయ్‌లాన్ భుజం మీద కావడి బద్ద ఒరుసుకున్న చోట చర్మం చెప్పు అట్టలా గట్టిపడింది. నీళ్ళు కావాలని ఆమెకంటే ఎక్కువ కోరుకునే మనిషి ఆ ఊళ్ళో లేదు. అందుకే అతనికి ఎదురు చెప్పడానికి ఆమెకు మాట దొరకదు. అతని పని నిజంగానే పెద్దది. దాని పక్కన పెడితే ఆమెవన్నీ నిజంగానే చిన్నవి.

కానీ ఆ చిన్నవి మాత్రం ఎప్పుడూ ఆమె వైపే పోగవుతాయి. షూహే పుట్టిన నెలలో, బాలింతకు పెట్టాల్సిన కోడిని మీటింగుకు వచ్చినవాళ్ళకు వండించి, "కోడిదేముంది, మళ్ళీ పెరుగుతుంది" అన్నాడు. సాయంత్రపు బడిలో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పమని ఆమెను అడిగితే, వారంపాటు వెళ్ళాక, "ఇంట్లో దీపం పెట్టే దిక్కులేదు, నువ్వు ఊరికి వెలుగు చూపిస్తావా?" అని అత్త అంటే, అతను నవ్వి, "అమ్మ మాట కూడా నిజమే, అది చిన్న పని, ఎవరైనా చేస్తారు" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ చేయలేదు. కావడి బద్ద చీలిపోయి చర్మంలో దిగుతోందని చెబితే, "గొట్టాలు వస్తున్నాయి కదా, కొత్త బద్ద ఎందుకు" అన్నాడు. అది చెప్పి మూడు చలికాలాలు గడిచాయి. మొదట్లో ఇలాంటి మాటలు ఆమెకు ఎక్కడో గుచ్చుకునేవి. ఇప్పుడు గుచ్చుకోవడం లేదు. చలికాలంలో బావిగట్టు మీద తాడు లాగి లాగి వేళ్ళు కాసేపటికి ఎవరివో అయిపోతాయి, తాడు కనిపిస్తుంది గాని తెలియదు. లోపల కూడా అలాగే ఉంది ఆమెకు. ఒక్కటే భయం. సమాధి దగ్గరికి వెళ్ళాక కూడా ఏడుపు రాకపోతే?

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. అధికారులు మధ్యాహ్నానికి జిల్లాకు తిరిగి వెళ్ళిపోవాలి కాబట్టి భోజనం పొద్దున్నే. తొమ్మిదింటికి వస్తారు. వేడి వంటకాలు అన్నీ బల్ల మీదికి చేరి, చేప, చివర్లో సూప్ కూడా వెళ్ళాక రుయ్‌లాన్ బయలుదేరవచ్చు. మిగతాది అత్త చూసుకుంటుంది.

తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. మేక అరుస్తోంది. అత్త మంచం మీద నుంచే కోడలితో అంది, "షూహే అమ్మా, నూనె మరీ అంత పోస్తున్నావేం? వచ్చేది అధికారులా, ఆంబోతులా?"

"ఆయన ఎక్కువ వేయమన్నారు అత్తా."

"వాడికేం, వాడు చెబుతాడు. నూనె డబ్బాలో అడుగు కనిపించేది నీకూ నాకూ."

పదిన్నరకు జీపు వచ్చింది. దారిలో టైరు పేలిందట. రుయ్‌లాన్ కిటికీ చట్రానికి అంటించిన కాగితం చిరిగిన చోటి నుంచి చూసింది. ముందు ఒక లావుపాటి మనిషి దిగాడు. మంచి ఊలు కోటు, జేబులో రెండు పెన్నులు. డ్రైవరు సన్నగా ఉన్నాడు. వాళ్ళ వెనక పొట్టి జుట్టుతో ఒక ఆడమనిషి, భుజాన సంచీ వేలాడుతోంది, బురద తొక్కకుండా రాళ్ళ మీద అడుగులు వేస్తూ వచ్చింది. టైపు చేసే అమ్మాయో, లావుపాటాయన భార్యో, దారిలో ఎవరింటికైనా వెళ్ళాలని జీపెక్కిందేమో అనుకుంది రుయ్‌లాన్. పాపం, ఎక్కడ తింటుంది? ఆ ఊళ్ళో అతిథులు వచ్చినప్పుడు ఆడవాళ్ళు బల్ల దగ్గరికి రారు. వంటింట్లో, మగవాళ్ళు తిన్నాక, పొయ్యి పక్కన తింటారు. రుయ్‌లాన్ పొయ్యి పక్కన తమ ముగ్గురి పీటలతో పాటు ఇంకో పీట వేసింది. పీట మీద దుమ్మును నడుముకు కట్టుకున్న వంట గుడ్డతో తుడిచింది. పక్కన ఒక గిన్నె, చాప్‌స్టిక్‌లు పెట్టింది. ఆమెతో ఏం మాట్లాడాలో కూడా కాసేపు ఆలోచించింది.

ఆ ఆడమనిషి వంటింట్లోకి రాలేదు. ముందుగదిలో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో రుయ్‌లాన్‌కి కనిపించదు. మధ్యలో గోడ, గోడకు తెర. గ్వాంగ్‌యావ్ ఇంకో సారా సీసా కోసం లోపలికి వచ్చాడు. మొహం అప్పటికే ఎర్రబడింది.

"ఫాన్ అధికారి ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగింది. "చేప తల ఎటు పెట్టాలి?"

చేప తల ముఖ్య అతిథి వైపు చూడాలి. తల ఎవరి వైపు ఉంటే వాళ్ళు ముందు మూడు గుటకలు తాగాలి, వాళ్ళు చేప ముట్టాకే మిగతావాళ్ళు ముట్టాలి. అది తెలియని మనిషి ఆ జిల్లాలో ఉండడు.

"తల, తోక. నేను అక్కడ బోరు ఎంత లోతో మాట్లాడుతుంటే నువ్వు చేప తల అంటావేంటి. వేడిగా ఉందా లేదా చూడు, చాలు."

"లావుపాటాయనే కదా?"

అతను అప్పటికే తెర దాటి వెళ్ళిపోయాడు.

షూహేకి పదిహేనేళ్ళు. కొత్తవాళ్ళ ముందుకు వెళ్ళమంటే మెడ దాకా ఎర్రబడుతుంది. చేప పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని, "ఎటు పెట్టనమ్మా?" అని అడిగింది.

"ఆ లావుపాటాయన వైపు తల."

షూహే ఏదో అనబోయి ఆగింది. నేలకేసి చూస్తూ వెళ్ళింది.

ముందుగదిలో నవ్వులు ఆగిపోయాయి. బల్ల మీద పళ్ళెం పెట్టిన చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. అప్పుడు లావుపాటాయన గొంతు వినిపించింది, మండలం నుంచి వచ్చిన చియావ్ అట అతని పేరు. "అయ్యయ్యో, నా వైపా? మీ ఊరి చేపలు అధికారులను కాదు, పొట్టలను గుర్తుపడతాయి లాగుంది. ఫాన్ మేడమ్, మీరు ఏమీ అనుకోకండి."

మేడమ్. రుయ్‌లాన్ చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె పొయ్యి పక్కన వేసిన పీటకేసి చూసింది. అప్పుడే తెర పక్కకు తోసుకుని గ్వాంగ్‌యావ్ వచ్చాడు. అరవలేదు. అతిథులున్నప్పుడు అతను అరవడు.

"ఒక్క చిన్న పని. చేసినదే కదా ఎన్నేళ్ళుగా. ఒక్క చిన్న పని."

"నాకు తెలియలేదు."

"ఏం తెలియలేదు? మనిషి వాకిట్లో నడిచొస్తుంటే చూశావా లేదా? మరి ఎవరనుకున్నావు ఆమెను?"

రుయ్‌లాన్ పీటను చూపించింది. "ఇక్కడ తింటుందనుకున్నా."

అతను పీటను చూశాడు, గిన్నెను చూశాడు. పెట్టిన చేపను మళ్ళీ తిప్పకూడదు. తిప్పితే మాట తిప్పినట్టు. తీసేసి ఇంకో చేప తేవాలి. అతని కళ్ళు వంటింట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్ళాయి. బుట్ట మీద ఆగాయి. తెల్లగుడ్డ లాగాడు.

"అది అమ్మది," అంది రుయ్‌లాన్.

"తెలుసు."

"అమ్మ తినకముందు వేరేవాళ్ళు తినకూడదు. పుణ్యం కాదు. పెట్టినవాళ్ళకీ మంచిది కాదు, తిన్నవాళ్ళకీ మంచిది కాదు."

"ఏం, మీ అమ్మ లేచొచ్చి నా చేప ఏదని అడుగుతుందా? ఊరంతటికీ నీళ్ళు రావడం ముఖ్యమా, చచ్చిపోయిన మనిషికి చేప ముఖ్యమా? చెప్పు నువ్వే."

అలా అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

"ఉప్పు లేదు దాన్లో," అంది.

"సాసు చెయ్యి మరి."

ఆమె చేసింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెకు అదే వింతగా ఉంటుంది. అతను చేపను తీసుకెళ్ళింది కాదు, ఆమె చేతులు వెంటనే వెళ్ళి అల్లం తరగడం. వెల్లుల్లి చితకడం. బాణలిలో నూనె, సోయా సాసు, వెనిగరు, చిటికెడు చక్కెర. చిక్కబడేదాకా కలిపి, తల్లి కోసం వేయించిన చేప మీద తోక నుంచి తల దాకా ఒక్క చోట కూడా తప్పిపోకుండా పోసింది. ఉల్లికాడలు కూడా చల్లింది. చేతులకు ఎవరో చెప్పినట్టు అవి చేసుకుపోయాయి. ఆమె వాటిని పక్కన నిలబడి చూసింది.

ఈసారి పళ్ళెం గ్వాంగ్‌యావ్ తనే పట్టుకెళ్ళాడు. షూహే పాత చేపను వెనక్కి తెచ్చింది. దాని కన్ను తెల్లగా తేలి ఉంది.

"నీకు ముందే తెలుసా, ఆవిడే అధికారి అని?" అని రుయ్‌లాన్ కూతురిని అడిగింది.

"ఆవిడ తలుపుకి ఎదురుగా, పెద్ద అతిథిని కూర్చోబెట్టే చోట కూర్చుందమ్మా. నాన్న పక్కన."

"మరి చెప్పలేదేం?"

షూహే తలవంచుకుంది. "నువ్వు అటు పెట్టమన్నావు కదా. నేను తప్పు చూశానేమో అనుకున్నా."

అత్త మంచం దిగి వంటింటి గడప దాకా వచ్చింది. ఖాళీ బుట్టనీ, సాసు బాణలినీ చూసింది. ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. "చచ్చినవాళ్ళ కూడు బతికినవాళ్ళకి పెట్టావా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"ఆయన తీసుకెళ్ళారు."

"వాడికి బుద్ధి లేదు, నువ్వేం చేస్తున్నావు?"

"సాసు చేస్తున్నా."

ముసలమ్మ వెనక్కి తిరిగి వాకిట్లోకి వెళ్ళిపోయింది.

షూహే టీ పోసి మళ్ళీ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, గుసగుసగా చెప్పింది. "ఆవిడ కొంచెం తిని ఆగిపోయిందమ్మా. పైన సాసు ఉంది గాని లోపల చప్పగా ఉంది కదా. పిండి కూడా చూసింది. ఈ చేప ఎవరు చేశారు అని అడిగింది. నాన్న, 'ఇంట్లో వాళ్ళు' అన్నాడు. ఆవిడ నా చెప్పుల కేసి చూసింది."

షూహే చెప్పుల మీద కూడా అమ్మమ్మ కోసం చిన్న తెల్లగుడ్డ కుట్టి ఉంది.

"ఏమంది?"

"'మా ఊళ్ళో కూడా ఇలాగే వేయిస్తారు' అంది. అంతే. తర్వాత చాప్‌స్టిక్‌లు పక్కన పెట్టి, బోరు కాగితాలు చూపించమంది."

రుయ్‌లాన్ వింటోంది. అది చనిపోయినవాళ్ళకు చేసిన చేప అని ఆవిడకు తెలిసిపోయింది. ఏదో ఊళ్ళో ఆవిడకీ ఒక తల్లి ఉండి ఉంటుంది, చచ్చిపోయి ఉంటుంది. ఆవిడ లేచి తెర తీసి వంటింట్లోకి చూస్తుందేమోనని రుయ్‌లాన్ కాసేపు ఎదురుచూసింది. చూసి ఏమంటుందని కాదు. ఊరికే. తెర కదలలేదు. ఆవిడ ముందు బోలెడు ఊళ్ళ కాగితాలు ఉంటాయి. ఒక చేప గురించి ఆగితే ఆవిడ ఆ కుర్చీ దాకా వచ్చేదా? ఎన్ని చేపల దగ్గర ఆగకుండా వచ్చి ఉంటుందో. ఆ కుర్చీలో తను కూర్చుని ఉంటే ఏం చేసేదో కూడా రుయ్‌లాన్‌కి తెలియలేదు.

ముందుగదిలో ఒక్కసారిగా గొంతులు పెరిగాయి. కుర్చీలు వెనక్కి జరిగాయి, గ్లాసులు తగిలాయి. చియావ్ పెద్దగా అంటున్నాడు, "ఇక వేసవికి మీ ఊళ్ళో స్నానం చేయనివాడికి జరిమానా వేయాలి." పని అయిపోయింది. నీళ్ళు వస్తాయి. రుయ్‌లాన్ ఆ మాట విని తన లోపల వెతుక్కుంది, సంతోషం ఉందేమోనని. ఉండే ఉంటుంది ఎక్కడో. ఆమె కుడిచెయ్యి ఎడమ భుజం మీదికి వెళ్ళి గట్టిపడ్డ చోటును తడిమింది. అంతే.

"అందరి ముందూ తప్పు జరిగింది, క్షమించాలి," అని గ్వాంగ్‌యావ్ గొంతు వినిపించింది. సారా వల్ల తియ్యగా ఉంది. "ఇంట్లోవాళ్ళకి లోకం తెలియదు. కానీ మేడమ్ పెద్ద మనసు. పెద్దలు ఊరికే అన్నారా, గొప్ప పని తలపెట్టినవాళ్ళు చిన్న చిన్న వాటి దగ్గర ఆగరని."

"నిజం, నిజం," అన్నాడు చియావ్.

షూహే గిన్నె తుడుస్తూ, తల ఎత్తకుండా అంది, "అమ్మా, ఆ మాట మా పాఠంలో వచ్చింది."

"ఏ మాట?"

"నాన్న ఎప్పుడూ అనే మాట. నాన్నకి సగమే గుర్తుంది. అది విందులో అన్న మాట. పాతకాలంలో ఒకాయన్ని శత్రువు విందుకు పిలిచాడు. అక్కడే ఉంటే చంపేస్తారు. దొడ్డికి వెళ్ళొస్తానని చెప్పి బయటికొచ్చాడు. కానీ పిలిచినవాడికి చెప్పకుండా వెళ్ళిపోతే మర్యాద కాదు కదా, ఎలా అని గింజుకుంటున్నాడు. అప్పుడు వెంట వచ్చినతను అన్నాడు, ఇలాంటప్పుడు చిన్న మర్యాదలు చూసుకుంటారా, పద అని."

"వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడు. చెప్పకుండానే."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"అన్నారేమో. తర్వాత ఆయనే రాజయ్యాడు. పరీక్షలో అడిగారు అది."

రుయ్‌లాన్ చేతులు కడుక్కుంది. నీళ్ళు జాగ్రత్తగా, దోసిట్లో కొంచెం పోసుకుని. కిటికీ చిరుగులోంచి వాకిట్లో మేక నీడ చూసింది. నీడ పొట్టిగా ఉంది గాని ఇంకా ఉంది. గంట నడక. పరుగెత్తితే తక్కువ. చేప లేదు. రొట్టెలున్నాయి, మాంసం ఉంది, కాగితాలున్నాయి. వెనక్కి తెచ్చిన పెద్ద చేపను చూసింది. ఎవరూ ముట్టలేదు దాన్ని. కానీ అతిథుల బల్ల మీదికి వెళ్ళొచ్చిన చేప. తల్లికి మిగిలింది పెట్టడమా? అక్కర్లేదనుకుంది. చేప లేకపోతే లేదు. అమ్మకు చెబుతుంది ఎందుకు లేదో. చెప్పడానికి ఏదో ఒకటి ఉండటం మంచిదే.

ఆమె వంట గుడ్డ విప్పి పీట మీద, ఫాన్ మేడమ్ కోసం వేసిన పీట మీద పెట్టింది. తెల్లగుడ్డ కుట్టిన చెప్పులు వేసుకుంది. బుట్ట చేతికి తగిలించుకుంది.

"సూప్ ఇంకా వెళ్ళలేదు కదమ్మా," అంది షూహే.

"పొయ్యి మీద ఉంది."

"నాన్న అడిగితే?"

"అడగనీ."

షూహే ఆమెకేసి చూసింది. భయంగా ఉందో, ఇంకేమైనానో రుయ్‌లాన్‌కి తెలియలేదు. ఇన్నేళ్ళలో ఆ పిల్ల మొహాన్ని తీరిగ్గా చూసే వ్యవధి ఆమెకు దొరకలేదు. "నేనూ రానా?" అంది పిల్ల.

"నీకు బడి పరీక్ష ఉందన్నావుగా. చదువుకో. గిన్నెలు కడక్కు. అలాగే ఉంచు."

అలాంటి మాట ఆమె ఎప్పుడూ అనలేదు. గిన్నెల కుప్ప చూసి ఆమెకు ఒక్క క్షణం కాళ్ళు ఆగాయి. తర్వాత కదిలాయి.

వాకిలి దాటాలంటే ముందుగది కిటికీ ముందు నుంచే వెళ్ళాలి. ఆమె వంగలేదు, దాక్కోలేదు. కిటికీలోంచి పొగా నవ్వులూ వస్తున్నాయి. ఎవరూ ఇటు చూడలేదు. వీధి తలుపు దగ్గర గోడకు ఆనుకుని అత్త నిలబడి ఉంది, అక్కడ ఎండ ఉంటుంది కాబట్టి. ముసలమ్మ బుట్టను చూసింది, చెప్పులను చూసింది.

"సూప్?"

"పొయ్యి మీద ఉంది అత్తా. దించి కొత్తిమీర వేస్తే చాలు."

"వాడు కేకలేస్తాడు."

"వేస్తారు."

"అతిథులు లేవకముందే ఇంటి ఆడది గడప దాటిందని ఊరంతా చెప్పుకుంటారు."

"చెప్పుకుంటారు."

అత్త దారికి అడ్డంగానే ఉంది. రుయ్‌లాన్ బుట్టను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. తిడుతుందనుకుంది. తిట్టినా ఫరవాలేదనుకుంది.

"మా అమ్మ మూడో ఏడుకి నేను వెళ్ళలేదు," అంది ముసలమ్మ. గోడతో చెబుతున్నట్టు చెప్పింది. "ఆ రోజు సర్కారు ధాన్యం కొలిచేవాళ్ళు వచ్చారు. మీ మామ, రేపు వెళ్దువులే అన్నాడు. నూడుల్స్ వత్తుతూ కూర్చున్నా. బోలెడు వత్తాను."

"మర్నాడు వెళ్ళారా?"

"మర్నాడు ఎందుకు? తెల్లగుడ్డ తీసేశాక వెళ్ళి ఏడిస్తే జనం నవ్వరూ?"

ఇంట్లోంచి గ్వాంగ్‌యావ్ గొంతు వినిపించింది. సూప్ ఏదని. ఇంకా కోపం లేదు ఆ గొంతులో, పిలిస్తే వస్తుందన్న నమ్మకం మాత్రమే ఉంది.

ముసలమ్మ ఆ వైపు తల తిప్పలేదు. "ఏదో అవుతుందనుకున్నా," అంది. "పాపం తగులుతుందనో, కల్లోకి వస్తుందనో. చాలా ఏళ్ళు చూశాను. ఏమీ కాలేదు. తిన్నాను, పడుకున్నాను, నీ మొగుణ్ణి కన్నాను. ఏమీ కాలేదే షూహే అమ్మా. అదే బాధ."

ఆమె పక్కకు జరిగింది. రుయ్‌లాన్ గడప దాటి వీధిలోకి వచ్చింది. వెనక్కి తిరిగి నిలబడింది.

"నిలబడతావేం? నువ్వు నిలబడితే సూర్యుడు నిలబడతాడా?" అంది అత్త. "వచ్చేటప్పుడు గట్టిగా తట్టు. ఈ పూట నాకు చెవుడు."

రెండు చేతులతో రెండు తలుపులూ లాగి, రుయ్‌లాన్ మొహం మీదే మూసి, లోపల గడియ వేసింది.